బ్రస్సెల్స్ గాలి రుచి
బ్రస్సెల్స్‌లోని ఆండర్‌లెక్ట్ పేటలో, 1900లో వెలసిన కాంటియోన్ బీరు కర్మాగారంలో సాలెగూళ్ళను దులపరు. పండ్లకు మూగే ఈగలను పట్టేవి అవే. ఇక్కడ ఈస్టు కలపరు. గోధుమ, బార్లీలతో కాచిన ద్రవాన్ని శీతకాలపు రాత్రి అటకమీది వెడల్పాటి రాగి తొట్టిలో ఆరబెడతారు. మన కల్లుకు మల్లేనే, గాలిలోని సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. ఆపైన ఓక్ పీపాలలో దీర్ఘనిద్ర, అటుపిమ్మట పుల్లచెర్రీలు.

ఆ ‘క్రీక్’ నోట పడగానే దవడలు జివ్వుమంటాయి. తీపి లేశమైనా లేదు. చెర్రీ గింజల వగరు, తడికర్ర వాసన మెల్లగా తేలివస్తాయి. తొలి గుక్కకు ముఖం చిట్లించనివారిని నేను నమ్మను!

వెచ్చని రాత్రులలో అక్కరలేని జీవులు చేరి ద్రవం చెడుతుంది. అందుకే 2015 నవంబరులో, చలి రాక, ఇక్కడ బీరు కాచడం ఆపివేశారు.