దాచిన రాయి



ఈ వారం ధ్యానం రాయడానికి కూర్చున్నాం గానీ, ముందు మీ దగ్గర ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. అది చెప్పకుండా వాక్యం రాయడానికి మాకు చెయ్యి ఆడటం లేదు.

పోయిన క్రిస్మస్ రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. ఆరాధన అయ్యాక మందిరం ముందు పందిట్లో ప్రేమవిందు పెట్టుకున్నాం. బగారా అన్నం, మాంసం కూర అందరం తృప్తిగా తిన్నాం. అర్ధరాత్రి దాటాక అమ్మగారికి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. వీపులోకి పాకి కుడి భుజం దాకా గుంజింది. ఆమె పడుకోలేరు, కూర్చోలేరు. వాము నీళ్లు తాగించాం, ఈనో కలిపి ఇచ్చాం. తెల్లవారుజామున ఆర్.ఎం.పి. గారిని పిలిస్తే, "గ్యాస్ పట్టేసింది అయ్యగారూ" అని సూది వేశారు. గంట తర్వాత నొప్పి తగ్గింది. స్తుతులు చెల్లించి ఊరుకున్నాం.

అది మొదటిసారి కాదని తర్వాత తెలిసింది. పత్తి తీసే రోజుల్లోనే రెండుసార్లు వచ్చిందట. "పాస్టరమ్మకే జబ్బు చేస్తే ప్రార్థనకు వచ్చేవాళ్లు ఏమనుకుంటారండీ" అని ఆమె లోపలే దాచుకున్నారు.

జనవరిలో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు జరిగాయి. మేమిద్దరం సాయంత్రం ఒక్కపూటే తింటూ గడిపాం. ముగింపు రోజు విందు తిన్న రాత్రి నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి వాంతులు కూడా. భద్రాచలం తీసుకెళ్లి స్కానింగ్ తీయిస్తే, పిత్తాశయం నిండా రాళ్లున్నాయని చెప్పారు.

పిత్తాశయం అంటే మనకు తెలియనిదేమీ కాదు. కోడిని కోసినప్పుడు కార్జానికి అంటుకుని ఆకుపచ్చగా ఉండే చేదుకట్టు పగలకుండా తీస్తాం కదా, మనిషిలోనూ అదే. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. ఆ చిన్న సంచి అందులో కొంత దాచి, చిక్కబరిచి, మనం నూనె, కొవ్వు తిన్నప్పుడు బిగుసుకుని పేగులోకి వదులుతుంది. రసంలో కొలెస్ట్రాల్ ఎక్కువైనా, సంచి సరిగా ఖాళీ కాకపోయినా, అడుగున ఇసుకలా పేరుకుని రాళ్లవుతుంది. సంచి బిగిసినప్పుడు రాయి దాని మూతికి అడ్డం పడితే నొప్పి. రాయి పక్కకు జారితే నొప్పి పోతుంది. మనం గ్యాస్ తగ్గిందనుకుంటాం.

ఎవరికి వస్తాయని అడిగాం. ఆడవాళ్లలో ఎక్కువ. కాన్పులయినవారికి, నలభై దాటినవారికి, బరువు ఉన్నవారికి, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చినవారికి రావచ్చు. చాలా రోజులు పస్తులున్నా, త్వరత్వరగా బరువు తగ్గినా కూడా రావచ్చన్నారు డాక్టర్ గారు. ఆ మాట దగ్గర మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "ఇవి 21 రోజుల్లో పుట్టినవి కావు, ఏళ్లుగా పెరిగినవి" అని ఆయనే మళ్లీ నెమ్మదిగా చెప్పారు.

మన ఏజెన్సీ బిడ్డల కోసం ఒక మాట. సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారిలో ఎర్రకణాలు త్వరగా విరిగిపోతుంటాయి. అందులోంచి వచ్చే పసుపు పదార్థం పేరుకుని, చిన్న వయసులోనే రాళ్లు కట్టవచ్చు. అలాంటి పిల్లలు కడుపునొప్పి అంటే ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

"కిడ్నీలో రాయిలాగా నీళ్లు ఎక్కువ తాగితే పడిపోదా? కొండపిండాకు పనిచేయదా?" అని కూడా అడిగాం. దారి వేరు, ఆ పని జరగదన్నారు. నిమ్మరసం, నూనె కలిపి తాగితే పడిపోయాయని ఫోన్లలో చూపించే ఆకుపచ్చ ఉండలు రాళ్లు కావట. తాగిన నూనే కడుపులో సబ్బులా గడ్డకట్టి బయటికొస్తుందట. నొప్పి లేని రాళ్లను చాలామందిలో అలాగే వదిలేస్తారు. నొప్పి ఒకసారి మొదలైతే మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది గనుక, సంచితో సహా తీసేయడమే మందు.

మొట్టమొదట పిత్తాశయాన్ని తీసిన ఆపరేషన్ 1882 జూలై 15న బెర్లిన్‌లో జరిగింది. చేసింది కార్ల్ లాంగెన్‌బుక్ అనే డాక్టరు. ఆ ఆసుపత్రి పేరు లాజరు ఆసుపత్రి. ఆ పేరు చదివి అమ్మగారు నవ్వారు, స్కానింగ్ తర్వాత అదే మొదటి నవ్వు. పొట్ట పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాలతో చేసే పద్ధతి 1985లో జర్మనీలో మొదలైంది. 1990లో బొంబాయిలో డాక్టర్ ఉద్వాడియా దాన్ని మన దేశానికి తెచ్చారు.

ఖమ్మంలో ఆపరేషన్ చేయించాం. మత్తు ఇచ్చి, పొట్టలోకి గ్యాస్ నింపి, నాలుగు చిన్న రంధ్రాల గుండా కెమెరా, పనిముట్లు పంపి, నాళానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి సంచిని తీసేశారు. రెండు రోజులు భుజం నొప్పి అన్నారు. అది లోపల మిగిలిన గ్యాస్ వల్లనట. మూడో రోజు ఇంటికొచ్చాం. సంచి లేకపోయినా కాలేయం రసం నేరుగా పేగులోకి పోతుంది. కొన్ని వారాలు నూనె తగ్గించి, కొద్దికొద్దిగా తిన్నారు. ఇప్పుడు అన్నీ తింటున్నారు.

మా తప్పు ఇక్కడ మొదలవుతుంది. మీకందరికీ పుట్టింటికి వెళ్లామని చెప్పాం. తిరిగొచ్చాక సాక్ష్యాల కూడికలో అమ్మగారు లేచి, దేవుడు స్వస్థత ఇచ్చాడని మాత్రమే చెప్పి కూర్చున్నారు. ప్రార్థనతోనే రాళ్లు కరిగిపోయాయని మాట పుట్టింది. అది మా చెవిన పడింది. మేము దిద్దలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట వినడానికి మాకు బాగానే ఉండింది.

వాగు అవతలి గూడెంలో మన సహోదరి ఒకామెకు అదే జబ్బు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. ఆమె ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. "అమ్మగారికి కరిగాయి, నాకూ కరుగుతాయి" అంది. తునికాకు కోసే రోజులకు చలిజ్వరం వచ్చి, కళ్లు పచ్చబడ్డాయి. ఇంటివాళ్లు కామెర్లని పసరు పోయించారు. రాయి జారి కాలేయం నుంచి వచ్చే నాళంలో ఇరుక్కుందని ఎవరికీ తెలియదు. 108లో తీసుకెళ్లాక అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. నోటి గుండా గొట్టం పంపి రాయి తీశారు, తర్వాత ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. ఆ ఇంటి జత ఎడ్లు అమ్ముడుపోయాయి.

చూడ్డానికి వెళ్తే ఆమె మమ్మల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయ్యగారూ, నా విశ్వాసం చాలలేదేమో" అంది.

మేము నోరు తెరవలేకపోయాం. అమ్మగారు ఆమె పక్కన మంచం మీద కూర్చుని, కొంగు పక్కకు తీసి, తన పొట్ట మీది నాలుగు మచ్చలు చూపించారు. ఆమె చాలాసేపు చూసింది. "ముందే చూపిస్తే బాగుండేదమ్మా" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం.

ప్రియులారా, హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు కలిపాడు. మాట ఇచ్చింది దేవుడే. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. రాజు ఆ ముద్దను దాచమనలేదు. అది లేఖనంలో రాసి ఉంది గనుకనే మనకు తెలిసింది. మేము దేవుని మహిమపరచాలనుకుని, ఆయన వాడుకున్న డాక్టరు చేతిని దాచేశాం. ఆ దాచినదే ఇంకొకరి ఇంట రాయిలా అడ్డం పడింది.

ఇకమీదట మన సంఘంలో ఎవరైనా ఆపరేషన్‌కు వెళ్తే మందిరంలోనే చెప్పి, ప్రార్థించి పంపుదాం. తిన్న తర్వాత కుడివైపు డొక్కలో వచ్చే నొప్పి మళ్లీ మళ్లీ వస్తే స్కానింగ్ చేయించుకోండి. దానికి జ్వరం, చలి, పచ్చని కళ్లు, ఆగని వాంతులు తోడైతే పసరు దగ్గరికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఖర్చు గురించి భయపడేవారు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ సంగతి అడగండి. రాళ్లున్నవారు, షుగరు ఉన్నవారు, గర్భవతులు డాక్టరును అడగకుండా దీర్ఘ ఉపవాసం చేయవద్దు. మీ పేరు ఉపవాస జాబితాలో లేదని మేము అడగము.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, నీ స్వస్థతను సగమే చెప్పిన మమ్మల్ని క్షమించు. ఆ సహోదరి ఇంటికి కోల్పోయినది తిరిగి దయచేయి, అందులో మా చేతులను కూడా వాడుకో. ఆమేన్.

ఈ ఆదివారం కానుక ఆ ఇంటి ఎడ్ల కోసం. మొదటి కానుక మాదే.