ఖాళీ ఏడాది, జామ్ పరీక్ష, విసురు వల

డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆగితే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటు రాదా అని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. మేం అలా ఆగినవాళ్ళమే. మేం ముగ్గురం, ఇద్దరం యానాదులం, ఒకరు ఎరుకల. నాగాయలంక, కోడూరు, గుడివాడ వైపుల నుంచి వచ్చి బందరు హాస్టల్లో కలిశాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

ఇంట్లో ఒప్పించడమే పెద్ద పరీక్ష. "డిగ్రీ అయిపోయిందన్నావుగా, మళ్ళీ పరీక్షేంట్రా? కూలి ఎవరు తెస్తారు?" అని అమ్మ అడిగితే ఏం చెప్తాం? వారానికి మూడు రోజులు చెరువు పనికి వస్తాం, నాలుగు రోజులు చదువుకోనివ్వండి అని బేరం కుదుర్చుకున్నాం. ఏడాది కూలిలో సగానికి పైగా పోయినట్టే. అందుకే ఆ నాలుగు రోజుల్లో ఒక్కటీ వదలట్లేదు.

బయోడేటా బరువుగా కనబడాలని సర్టిఫికెట్ కోర్సులకి డబ్బు కట్టొద్దు. ఇక్కడ సీటు తెచ్చేది ర్యాంకే. మన రాష్ట్ర యూనివర్సిటీలకి పీజీసెట్: 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, తప్పుకి కోత లేదు. ఐఐటీలకి జామ్‌లో మేథమేటికల్ స్టాటిస్టిక్స్ పేపరు: 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి 30 ప్రశ్నల్లో తప్పు రాస్తే మార్కు కోస్తారు. చివరి 20కి ఆప్షన్లే ఉండవు, అంకె మనమే కొట్టాలి, కానీ తప్పయినా కోత లేదు. మేం పాత పేపర్లలో ముందు వాటినే పట్టుకున్నాం. జామ్‌కి వయసు పరిమితి లేదు. ఏడాది ఎందుకు ఆగావని ఎవరూ అడగరు.

ఎస్టిమేషన్ చాప్టరు మాత్రం మాకు చెరువు గట్టు మీదే అర్థమైంది. చెరువులో రొయ్య ఎంతుందో చూడ్డానికి విసురు వల వేస్తారు. ఒక్కో విసురుకి సగటున ఎన్ని పడ్డాయో చూసి, వల పరుచుకున్న చోటుని బట్టి చెరువు మొత్తానికి లెక్క కడతారు. మేత పడే చోట రొయ్య గుమికూడుతుంది. అక్కడే వేస్తే సరుకు ఎక్కువ కనబడుతుంది. అక్కడే వందసార్లు వేసినా ఆ తప్పు తగ్గదు. పుస్తకం బయాస్ అనేది దాన్నే. నాలుగు మూలలా, మధ్యలో కూడా వేసి, విసుర్లు పెంచితే లెక్కలో ఊగిసలాట తగ్గుతుంది. అది వేరియన్స్. మా నాన్నావాళ్ళకి ఈ పేర్లు తెలీవు, పని మాత్రం ఎప్పట్నుంచో తెలుసు.

సి.ఆర్. రావు గారి సంగతి కూడా చెప్పాలి. నూజివీడులో కొంత బడి చదువు చదివారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేశాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది దొరకలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941 జనవరిలో శిక్షణకి చేరారు. అప్పటికి ఆయనకి మన వయసే, ఇరవై. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయనకే ఇచ్చారు. వాళ్ళ నాన్నగారు పోలీసు ఇన్‌స్పెక్టరు, మనవాళ్ళు కూలీలు, ఆ తేడా ఉంది. ఉద్యోగం దొరకని రోజులు మాత్రం ఆయనా చూశారు.

జామ్ ఫారాలు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. ఎస్టీలకి ఫీజు తగ్గింపు ఉంది, కానీ కుల ధ్రువపత్రం వాళ్ళడిగిన నమూనాలోనే ఉండాలి. ఇప్పట్నుంచే ఆఫీసు చుట్టూ తిరగండి, ఒక్కసారికి ఇవ్వరు. ఆదివారం మధ్యాహ్నాలు బందరులో మా గదిలో గడియారం పెట్టుకుని పాత పేపర్లు చేస్తున్నాం. అవనిగడ్డ, గుడివాడ నుంచి వచ్చేవాళ్ళు గ్రూపులో ముందు ఒక మాట చెప్పండి, అన్నం కలిపి వండుతాం.