నల్లరేగడి సీమలో నొక చలిదినము

గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు రహదారి కిరుప్రక్కల నల్లరేగడి భూములు వ్యాపించియున్నవి. వానకాలమున కాళ్లకు బంకవలె నంటుకొని యడుగు తీయనీయని యీ మన్ను పుష్యమాసమునాటికి బిగిసి నెఱ్ఱెలు వాఱ నారంభించును. ఒక చేనిలో కడపటి తీతకు మిగిలిన ప్రత్తి తెల్లగా వ్రేలాడుచుండ, ప్రక్కచేనిలో మిరప యెఱ్ఱగా పండియుండును. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలిన పిదప నీ సీమ వ్యవసాయము మిగుల మాఱినది. అయినను కాలువ చివరి గ్రామములవారు నేటికిని ఆకాశమువంకనే చూచుచుందురు.

అట్టి గ్రామములలో నొకదాన మా మేనత్తయు మామయ్యగారును కాపురముందురు. ఆయన ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులుగా నుండి విశ్రాంతి గైకొని పదునాఱేండ్లైనది. కుమారుడు అమెరికాలో డల్లాసునందును, కుమార్తె హైదరాబాదునందును ఉన్నారు. ఉద్యోగము విరమించినవారికి ప్రొద్దు గడచు టెట్లని మనము జాలిపడుదుము. ధనుర్మాసములో రెండునాళ్లు వారియింట నుండి చూచిన నాకు, ఆ జాలి యనవసరమని తోచినది.

తెల్లవాఱకముందే రామాలయమునుండి తిరుప్పావై వినవచ్చును. అత్తయ్య వాకిట కల్లాపి చల్లి ముగ్గు వేయును. మోకాళ్లనొప్పిచే వంగలేక చిన్నపీటపై గూర్చుండి, పీటను జరుపుకొనుచు వేయును. ముగ్గు చిన్నదైనదే కాని మానలేదు. ఆ సమయమున మామయ్యగారు వంటయింట కాఫీ కాచుచుందురు. ఉద్యోగకాలమున తాను త్రాగిన గ్లాసైనను తీయని ఈయన, విశ్రాంతి పొందిన పిదప ఈ విద్య నేర్చిరి. డికాక్షను మాత్ర మిప్పటికిని పలుచనే. అత్తయ్య దానిని తప్పుపట్టక త్రాగుట నే గమనించితిని.

చలికాలపు వంట యీ సీమలో మిరపపండ్లతో ముడిపడినది. పండ్లను కడిగి, తడి లేకుండ గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పును చింతపండును చేర్చి తొక్కి జాడీ కెత్తుదురు. కావలసినపుడు కొంచెము తీసి మెంతిపొడి కలిపి, వెల్లుల్లితో పోపు పెట్టుదురు. దీనినే కొరివికారమందురు. తడి సోకిన జాడీ యంతయు పాడగును గనుక, అత్తయ్య గరిటెను కూడ ఎండబెట్టిన పిదపనే లోపల పెట్టును. జొన్నరొట్టెతో నది తినుచు కన్నీరు కార్చుకొనుట నాబోటి పట్టణవాసులకు తప్పదు.

పది గంటలకు దంపతు లిరువురును కల్లమునకు పోవుదురు. వారి మూడెకరములును కౌలున కిచ్చినవే. కౌలుదారుని కాయలు వీరి పెరటి వెనుక స్థలములో నారుచున్నవి. నూఱు కిలోల పండుకాయ లెండినచో ముప్పది కిలోల కటునిటుగా మిగులును. పగలు కాయలను తిరుగవేయవలెను. సాయంకాలము మంచు పడకుండ కుప్పచేసి పట్టాలు కప్పవలెను. తేమ నిలిచినచో బూజు పట్టును, రంగు చెడును. కూలిస్త్రీలు ముక్కుల కడ్డముగా కొంగులు చుట్టుకొని, తెల్లబాఱిన తాలుకాయలను వేఱు చేయుచుందురు. ఘాటునకు వారు తుమ్ముచుండగా అత్తయ్య మజ్జిగ పంపును. చేతులమంటకు నూనె రాచుకొండని చెప్పును. గుంటూరు మార్కెట్టుయార్డులో బస్తాలు చూచి రాశులనుగూర్చి వ్రాయువారు, ఈ చేతుల మంటనుగూర్చి కూడ వ్రాసిన బాగుండును.

ఆ మధ్యాహ్నము కౌలుదారుడు భార్యతో గూడ వచ్చి అరుగుప్రక్క నిలిచెను. 2021–22లో నల్లతామరపురుగు పూతను తినివేసెను. 2025లో ధర పడిపోయి, ఆ ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయల చొప్పున జోక్యపు ధర ప్రకటించెను. పంట పండించినవాడు తానే యని చూపు కాగితము లేని కౌలుదారునకు, బ్యాంకుఋణము గాని, పంటనష్టపు సాయము గాని అందుట కష్టము. 2019వ సంవత్సరపు పంటసాగుదారుల హక్కుల చట్టము ప్రకార మట్టి పత్రము పొందవచ్చును, కాని దానికి భూయజమాని సంతకము కావలెను. మామయ్యగా రంతవఱకు సంతకము చేయలేదు.

“వచ్చే సాగుకన్నా పెట్టండి మాస్టారూ,” అని యాతడడిగెను. మామయ్యగారు “చూద్దాంలే” అనిరి. వారు వెడలిన పిదప అత్తయ్య చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “ఏమండీ, తెల్లదోమ సంవత్సరం గుర్తుందా?” అనెను.

1987–88లో తెల్లదోమ ప్రత్తిని నాశనము చేయగా, ప్రకాశము, గుంటూరు జిల్లాలలో పలువురు రైతులు అప్పులు తీర్చలేక ప్రాణములు తీసికొనిరి. ఆ దినములలో అత్తయ్య యొక యింట మూడుదినములు వంటచేసి పెట్టినదట. ఆ యింటి యజమానియు కౌలుదారుడే. అంతకుమించి ఆమె చెప్పలేదు. ఆయనయు అడుగలేదు.

రాత్రి యెనిమిది గంటలకు డల్లాసునుండి ఫోను వచ్చును. అక్కడ నప్పుడు ఉదయ మెనిమిదిన్నర. సంతకము చేసిన పొలము చేయిజారునని కుమారుని భయము. దూరమున నున్నవాని కట్టి భయము సహజమే. మామయ్యగారు కండ్లజోడు సవరించుకొని, చట్టపు సారాంశమును తరగతిలో లెక్క చెప్పినట్లు చదివి వినిపించిరి. ఒప్పందము పదకొండు నెలలకే. హక్కు పంటమీదనే గాని భూమిమీద కాదు. “మరి అంత స్పష్టంగా ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు నాన్నా?” అని కుమారుడడిగెను. ఆయన బదులు చెప్పలేదు. అత్తయ్య ఫోను పుచ్చుకొని, “నీకు జలుబు తగ్గిందిరా?” అని మాట మార్చెను.

మఱునాటి యుదయమున కాఫీ త్రాగుచు మామయ్యగారు పట్టాదారు పాసుపుస్తకము నెచట పెట్టితివని యడిగిరి. బీరువాలో, చీరల క్రింద నున్నదని ఆమె చెప్పినది. దానిని తీసి నకలు తీయించుటకై సంచిలో పెట్టుకొనిరి. “కాగితం రాయించే రోజున అతని భార్యను కూడా రమ్మనండి, ఆమె కూడా వినాలి,” అని అత్తయ్య వాకిటినుండియే కేక వేసి, పీటను ముందునకు జరుపుకొనెను.