హచిన్స్ తీసేసిన ఆట

మిషిగన్ 85, షికాగో 0. ఇది 1939 అక్టోబర్‌లో ఒక శనివారం నాటి స్కోరు. అదే సీజన్లో హార్వర్డ్ చేతిలో 61–0, ఒహాయో స్టేట్ చేతిలో మళ్ళీ అదే 61–0, ఇల్లినాయ్ చేతిలో 46–0. సీజన్ మొదటి మ్యాచ్‌లో బెలాయిట్ అనే చిన్న కాలేజీ కూడా ఓడించి పంపింది. ఆ డిసెంబర్ 21న యూనివర్సిటీ ఆఫ్ షికాగో ట్రస్టీలు సమావేశమై, ఇకమీదట బయటి కాలేజీలతో ఫుట్‌బాల్ ఆడేది లేదని తీర్మానించారు. తీర్మానం ట్రస్టీలదే గానీ, పట్టుబట్టి చేయించింది మాత్రం ప్రెసిడెంట్ రాబర్ట్ మేనర్డ్ హచిన్స్. మన లెక్కలో వైస్ ఛాన్సలర్ అనుకోండి.

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ మన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే అమెరికన్ ఆట. ఆ దేశంలో ఒక పెద్ద యూనివర్సిటీ దాన్ని వద్దనుకోవడమంటే, మన ఊళ్ళో గుడి ఉంచి జాతర మానేయడం లాంటిది.

పుస్తకాల మనుషుల మధ్య ఈ కథ వీరగాథలా తిరుగుతూ ఉంటుంది. జ్ఞానం కోసం కండలని కాదన్న మహానుభావుడు అని. నేను రెండేళ్ళు హైడ్ పార్క్‌లో చదువుకున్నాను కాబట్టి ఈ కథ చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ చెప్పేవాళ్ళ కళ్ళల్లో ఒక మెరుపు ఉండేది. నాకూ హచిన్స్ అంటే ఇష్టమే. కానీ ఆయన గురించి చదివేకొద్దీ నన్ను పట్టుకున్న సంగతి వేరు. ఆ మనిషి ఇరవై రెండేళ్ళు కష్టపడి కట్టినవాటిలో చాలావరకు ఆయన గేటు దాటగానే విప్పేశారు. తీసేసిన ఆట మాత్రం ఆ స్థాయిలో మళ్ళీ తిరిగి రాలేదు.

1929లో ప్రెసిడెంట్ అయ్యేనాటికి హచిన్స్‌కి 30 ఏళ్ళు. అప్పటికే యేల్ లా స్కూల్‌కి డీన్‌గా చేసి వచ్చాడు. తండ్రి కూడా బెరియా కాలేజీకి ప్రెసిడెంట్. పొడుగ్గా, సినిమా హీరోలా ఉండేవాడు, మాట పదును. వ్యాయామం చెయ్యాలనిపిస్తే ఆ కోరిక పోయేదాకా పడుకుంటానని ఆయన అన్నట్టు ఒక జోకు ఇప్పటికీ చెలామణీలో ఉంది. అది ఆయనది కాదు, ఎవరిదో ఆయన ఖాతాలో వేశారని కూడా అంటారు. ఎవరిదైనా ఆయనకి సరిగ్గా అతికింది.

ఆయన అడుగుపెట్టిన యూనివర్సిటీ పునాదుల్లోనే ఫుట్‌బాల్ ఉంది. రాక్‌ఫెల్లర్ డబ్బుతో 1892లో తరగతులు మొదలైనప్పుడు, మొదటి ప్రెసిడెంట్ విలియం రెయినీ హార్పర్ చేసిన తొలి నియామకాల్లో ఒకటి అమోస్ అలోంజో స్టాగ్‌ది. స్టాగ్ యేల్‌లో హార్పర్ శిష్యుడు, పాస్టర్ కావాలనుకుని ఆటలోకి వచ్చినవాడు. కోచ్‌గానే కాదు, అధ్యాపక హోదాతో, శాశ్వత ఉద్యోగంతో తీసుకున్నాడు హార్పర్. కొత్త యూనివర్సిటీ పేరు పత్రికల్లోకి ఎక్కాలంటే గ్రీకు వ్యాకరణం కన్నా శనివారం మ్యాచ్ త్వరగా పనిచేస్తుందని ఆయనకి తెలుసు. పనిచేసింది కూడా. స్టాగ్ 41 సీజన్లు ఆ జట్టుని నడిపాడు. దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ 1935లో మొట్టమొదట దక్కింది షికాగో కుర్రాడు జే బర్వాంగర్‌కే.

అయితే బర్వాంగర్‌ స్టాగ్ చేతికింద ఎక్కువకాలం లేడు. 70 ఏళ్ళకి రిటైర్ అవ్వాలని రూలు. 1932లో స్టాగ్‌కి ఆ వయసొచ్చింది, హచిన్స్ పొడిగింపు ఇవ్వలేదు. పేరుకి వేరే పదవి ఇస్తామన్నారు గానీ పెద్దాయన వద్దని కాలిఫోర్నియా వెళ్ళి, కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్ అనే చిన్న చోట మళ్ళీ కోచ్‌గా చేరాడు. 1938లో ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని షికాగో వచ్చి, తన పేరే పెట్టిన స్టాగ్ ఫీల్డ్‌లో, తన పాత యూనివర్సిటీని 32–0తో ఓడించి వెళ్ళాడు. ఈ సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత కాస్త బాధేసింది. ఆ రోజు గెలిచినందుకు ఆయన ఎంత సంతోషించి ఉంటాడో నేను చెప్పలేను.

షికాగో ఎందుకంత దిగజారింది? కోచ్ చేతకానివాడా అంటే కాదు. స్టాగ్ తర్వాత వచ్చిన క్లార్క్ షానెసీ 1939లో 85–0 తిన్నాడు. ఆట మూసేశాక స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళి, ముందు ఏడాది ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టుని తీసుకుని, 1940 సీజన్లో ఒక్కటీ ఓడకుండా నడిపాడు. కారణం చదువులోనే ఉంది. హచిన్స్ కాలంలో షికాగో కాలేజీలో హాజరు తప్పనిసరి కాదు, క్లాసు టీచర్ వేసే మార్కులతో పని లేదు, చివర్లో ఒక సమగ్ర పరీక్ష ఉంటుంది, అది గట్టెక్కాలి. పేపరు వేరేవాళ్ళు తయారుచేస్తారు కాబట్టి మాస్టారిని మంచి చేసుకుంటే పని జరగదు. పక్క యూనివర్సిటీల్లో ఆటగాళ్ళు వ్యాయామ విద్యలో డిగ్రీ తీసుకునేవాళ్ళు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. శరీరం బాగా ఉన్న కుర్రాడు ఇటు ఎందుకొస్తాడు?

మరి ఎవరు వచ్చారు? జేమ్స్ వాట్సన్ 15 ఏళ్ళకి వచ్చాడు. హైస్కూల్ పూర్తవకుండానే చేర్చుకునే పద్ధతి హచిన్స్ పెట్టిందే. తర్వాత కార్ల్ సేగన్ 16 ఏళ్ళకి, ఫిలిప్ గ్లాస్ 15 ఏళ్ళకి. సూసన్ సోంటాగ్ ఒక ఇంటర్వ్యూలో తనెందుకు షికాగో వెళ్ళిందో చెప్పింది: ఫుట్‌బాల్ టీమ్ లేని, ఎప్పుడూ ప్లేటో, అరిస్టాటిల్ అని మాట్లాడుకునే వింత చోటు ఒకటుందని ఒక పత్రికలో చదివి, అదే నాకు కావల్సింది అనుకుందట. ఆట లేకపోవడమే ఆ అమ్మాయికి పిలుపైంది. 1939 డిసెంబర్ నాటి తీర్మానానికి ఇంతకన్నా మంచి ఫలితం నేను చూపించలేను.

హచిన్స్ అసలు కల మాత్రం ఇంకా పెద్దది. స్నేహితుడు మార్టిమర్ ఆడ్లర్‌తో కలిసి పిల్లలకి ప్లేటో దగ్గర్నుంచి మూలగ్రంథాలు నేరుగా చదివించాలన్నాడు. పాఠ్యపుస్తకాలు వద్దు, చర్చే పాఠం అన్నాడు. నాలుగేళ్ళ బీయే డిగ్రీని మామూలు లెక్కలో రెండో ఏడాది చివరకే లాక్కొచ్చాడు. అధ్యాపకులు తిరగబడ్డారు, ముఖ్యంగా సైన్సువాళ్ళు. 1951లో ఆయన వెళ్ళిపోయిన రెండు మూడేళ్ళకే డిగ్రీ పాత దారికి వచ్చేసింది. అందరూ తప్పకుండా చదవాల్సిన కోర్ మాత్రం మిగిలింది. దాన్ని కూడా 1990ల చివర్లో కుదించినప్పుడు పెద్ద గొడవే అయింది. ఇక ఆయన, ఆడ్లర్ సంపాదకులుగా 1952లో వచ్చిన 54 సంపుటాల గ్రేట్ బుక్స్ సెట్టు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సేల్స్‌మెన్ చేతుల మీదుగా ఇంటింటికీ వాయిదాల పద్ధతిలో అమ్ముడైంది. చాలా ఇళ్ళల్లో షోకేసు అలంకారంగా స్థిరపడింది. అందులో భారతం లేదు, బుద్ధుడు లేడు. పేరులోనే పాశ్చాత్య ప్రపంచం అని రాసుకున్నారు కాబట్టి తగాదా పెట్టుకోలేం.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఇంటర్ చదివిన కాలేజీ ఒక అపార్ట్‌మెంట్ లాంటి భవనం. గ్రౌండ్ లేదు. పొద్దున్న ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి స్టడీ అవర్. కారిడార్‌లో చాక్‌పీస్‌తో క్రికెట్ ఆడినందుకు ఇద్దరిని ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ సార్ రోజంతా నిలబెట్టాడు. ఇలాంటి చోటు నుంచి వచ్చినవాళ్ళం హచిన్స్ కథ వింటే మనకి తెలిసిందేలే అనుకుంటాం. చదువుకి ఆట అడ్డం అని మన పెద్దవాళ్ళు చెప్పనిదేముంది?

కానీ ఆయన చెప్పింది అది కాదు. మూసేసింది ఫుట్‌బాల్ ఒక్కదాన్నే. మిగతా ఆటల్లో షికాగో బయటి కాలేజీలతో ఆడుతూనే ఉంది, క్యాంపస్‌లో పిల్లలు తమలో తాము ఆడుకునే పోటీలు కూడా నడిచాయి. 1938 డిసెంబర్‌లో సాటర్డే ఈవెనింగ్ పోస్ట్‌లో ఆయనొక వ్యాసం రాశాడు. అందులో గొడవంతా గేటు డబ్బుల మీదే. టికెట్టు పది సెంట్లకి దించండి, కోచ్‌ల ఉద్యోగం ఎంతమంది జనం వచ్చారన్న దానిమీద కాకుండా వాళ్ళ బోధన మీద, నడవడి మీద ఆధారపడేలా చెయ్యండి అన్నాడు. నాకు ఈ రెండో మాట చదివితే హార్పర్ గుర్తొస్తాడు. స్టాగ్‌కి శాశ్వత ఉద్యోగం ఇచ్చింది ఆయనే కదా. హచిన్స్ కోరిన భద్రత ఆ యూనివర్సిటీలో ఒక కోచ్‌కి నలభై ఏళ్ళు ఉంది. అయినా గేటు డబ్బు వచ్చింది, యాభై వేలమంది పట్టే గ్యాలరీలు లేచాయి. ఆ మందు పనిచెయ్యదని తన మైదానమే చెబుతుంటే హచిన్స్ ఎందుకు చూడలేదో నాకు అంతుపట్టదు. చివరకి ఆయన కూడా మందు మానేసి కత్తే పట్టుకున్నాడు.

ఆయనలో నాకు నచ్చేది, డబ్బుకి వద్దని చెప్పడానికి పెద్దగా గింజుకోకపోవడం. 1935లో వాల్‌గ్రీన్స్ మందుల షాపుల యజమాని చార్ల్స్ వాల్‌గ్రీన్, ఇక్కడ కమ్యూనిజం నూరిపోస్తున్నారని తన మేనకోడల్ని చదువు మాన్పించి తీసుకుపోయాడు. ఇల్లినాయ్ సెనేట్ విచారణ కమిటీ వేసింది. హచిన్స్ ఒక్క ప్రొఫెసర్‌ని కూడా వదులుకోలేదు. చిత్రమేమిటంటే రెండేళ్ళ తర్వాత అదే వాల్‌గ్రీన్ యూనివర్సిటీకి 550,000 డాలర్ల విరాళమిచ్చాడు. ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1937లో అక్కడ చేరాక, ఒంటి రంగు కారణంగా ఆయన క్యాంపస్‌లో పాఠం చెప్పకూడదని ఒక డీన్ అడ్డుపడితే, చెప్పి తీరాలన్నది కూడా హచిన్సే. చంద్రశేఖర్ జీవితాంతం షికాగోలోనే ఉండిపోయారు.

అన్నిచోట్లా అలా అనలేదు. యూనివర్సిటీ చుట్టుపక్కల ఇళ్ళు నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని యజమానులు రాసుకున్న ఒప్పందాలకి ఆ దశాబ్దంలోనే యూనివర్సిటీ అండగా నిలిచింది. హచిన్స్ ఆ యజమానుల హక్కుని సమర్థించాడు. ఫుట్‌బాల్‌కి వద్దని చెప్పిన నోరు, తన కిటికీలోంచి కనబడే వీధి విషయంలో పెగల్లేదు. ఆయన మీద వచ్చే పొగడ్తల్లో ఈ సంగతి తరచూ ఒక వాక్యంతో సరిపెడతారు. నేనూ పెద్దగా ఎక్కువ రాయలేదు, కానీ లెక్కలోంచి తీసెయ్యడం కుదరదు.

స్టాగ్ ఫీల్డ్ ఖాళీ అయింది కదా. పడమటి గ్యాలరీ కింద రాకెట్ ఆటల గది ఒకటుండేది. 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం, గ్రాఫైట్ దిమ్మలు పేర్చిన కుప్పలో, మనిషి అదుపులో సాగిన మొట్టమొదటి అణు చైన్ రియాక్షన్‌ని నడిపింది అక్కడే. ముందు ఊరవతల ఆర్గాన్ అడవిలో కట్టాలనుకున్నారు, కూలీల సమ్మె వల్ల ఆ భవనం ఆలస్యమైంది. నగరం నడిబొడ్డున ఈ పని చేద్దామన్న నిర్ణయం ఆర్థర్ కాంప్టన్‌ది. హచిన్స్‌కి చెప్పలేదు. చెబితే యూనివర్సిటీ క్షేమం చూసి ఆయన వద్దనడం తప్ప ఇంకో దారి ఉండేది కాదు, అందుకే అడగలేదని కాంప్టన్ తర్వాత రాసుకున్నాడు. వద్దనడంలో అంత పేరున్న మనిషిని, జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయంలో, ఆ మాట అంటాడనే అసలు అడగలేదు. 1945 ఆగస్టు తర్వాత హచిన్స్ ప్రపంచ ప్రభుత్వం కావాలంటూ, దానికి రాజ్యాంగం రాసే కమిటీని నడుపుతూ కొన్నేళ్ళు గడిపాడు. అది కూడా కాగితం మీదే ఉండిపోయింది.

ఆ గ్యాలరీని 1957లో కూలగొట్టారు. పాత స్టేడియం స్థలంలోనే 1970లో రెగెన్‌స్టైన్ లైబ్రరీ వచ్చింది. నేను చలికాలం రాత్రుళ్ళు కూర్చున్నది అందులోనే. బయటికొస్తే పక్కనే హెన్రీ మూర్ చేసిన కంచు శిల్పం, ఒక వైపు నుంచి చూస్తే పుర్రె, ఇంకో వైపు నుంచి పుట్టగొడుగు మేఘం.

దేశంలో మిగతావాళ్ళు హచిన్స్ వెంట నడిచారా అంటే, లేదు. 1946లో షికాగో బిగ్ టెన్ లీగ్‌ని పూర్తిగా వదిలేసింది. ఆ ఖాళీలోకి 1949లో మిషిగన్ స్టేట్‌ని తీసుకున్నారు. దాని ప్రెసిడెంట్ జాన్ హానా ఆలోచన హచిన్స్‌కి సరిగ్గా తలకిందులు. వ్యవసాయ కాలేజీగా పేరున్న తన సంస్థని పెద్ద యూనివర్సిటీ చెయ్యడానికి ఫుట్‌బాల్‌ని నిచ్చెనలా వాడుకున్నాడు, చేసి చూపించాడు. హార్పర్ పాఠాన్నే మళ్ళీ చదివాడన్నమాట. ఇప్పుడు బిగ్ టెన్ అన్న పేరు కింద 18 యూనివర్సిటీలున్నాయి. 2025 జులై నుంచి, కోర్టులో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు నేరుగా ఆటగాళ్ళకి పంచుకోవచ్చు. అన్నేళ్ళూ ఆ కుర్రాళ్ళ ఒళ్ళు అరగదీసి అందరూ సంపాదించారు కాబట్టి నాకిది న్యాయంగానే కనిపిస్తుంది. హచిన్స్ ఉంటే ఇంక దాన్ని చదువుల చోటు అని ఎందుకు పిలవడం అనేవాడేమో.

షికాగోలో ఆట తిరిగి వచ్చింది, వేరే రూపంలో. 1963లో విద్యార్థులు క్లబ్‌గా మొదలుపెట్టారు. అప్పుడు ఇంకొందరు విద్యార్థులు మైదానం మధ్యలో బైఠాయించి వద్దని గొడవ చేశారు, హచిన్స్ నాటిన విత్తనాలన్నమాట. 1969లో అధికారికంగా జట్టు ఏర్పడింది. ఇప్పుడు మూడో డివిజన్‌లో ఆడతారు, ఆటకి స్కాలర్‌షిప్పులు లేవు. నేను చూడబోయిన మ్యాచ్‌లో ముందు వరుసలో ఒకమ్మాయి ఒళ్ళో ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం పెట్టుకుని, మధ్యమధ్యలో తలెత్తి తమ్ముడి పేరు పెట్టి అరిచి, మళ్ళీ పేజీలోకి వెళ్ళిపోయేది.

క్లబ్ మొదలైన ఆ 1963లో స్టాగ్ ఇంకా బతికే ఉన్నాడు, కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో, 101 ఏళ్ళ వయసులో. అదే రాష్ట్రంలో సాంటా బార్బరాలో కొండమీద ఒక ఇంట్లో హచిన్స్, ప్రజాస్వామ్యం గురించి చర్చలు జరిపించే కేంద్రమొకటి పెట్టుకుని, బల్ల చుట్టూ మనుషుల్ని కూర్చోబెట్టుకుని ఉన్నాడు.