మేలిమి తీయుచోట

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనుకనున్న ఒక సందులో, బేరసారముల సందడి చొరని చిన్న కార్ఖానాయందు, పాతనగలను కరగించి మేలిమి తీయు వృద్ధుడొకరు పనిచేయుచుండగా చూచు భాగ్యము నాకు కలిగెను. నేను పోవునప్పటికి వారు మూసలోని బంగారమునకు మూడింతలు వెండి చేర్చుచుండిరి. శుద్ధిచేయవలసిన దానిలో మరల వెండి కలుపుట యేలయని అడిగితిని.

"మూడు పాళ్లు వెండి లేకుంటే యాసిడ్ లోపలికి దిగదు సామీ, బంగారే అడ్డం పడుతుంది" అనిరి.

కరగిన లోహమును చన్నీళ్లలో పోయగా పలుకులైనది. వానిని గాజుపాత్రలోవేసి, నీరు కలిపిన నత్రికామ్లము పోసి, సన్నసెగపై నుంచిరి. పాత్రలో పుట్టు నైట్రిక్ ఆక్సైడునకు రంగు లేదు. అది పైకివచ్చి ప్రాణవాయువును కలిసినంతనే ఎఱ్ఱని పొగయై గదినిండ కమ్ముకొనెను. వెండియు రాగియు నైట్రేటులై కరగగా, రాగివలన ద్రవము నీలివన్నె తాల్చెను. బంగారము మాత్రము కాఫీపొడివలె అడుగున నిలిచెను.

నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆ నీలిద్రవమే. లోహముల నైట్రేటులు సాధారణముగా నీట కరగునవి. కావుననే ఆమ్లమునకు లొంగిన వెండి బంగారమును వీడిపోవును, పోయినను మరల పట్టుబడును. ఇచ్చట బావినీరు వాడరు. అందలి ఉప్పు వెండిని తెల్లని క్లోరైడుగా విరిచి బంగారములో కలిపివేయును. ద్రవమును వేరుపాత్రలోనికి వంచి, అందు రాగిరేకు ముంచిరి. రాగి తాను నైట్రేటగుచు వెండిని విడిపింపగా, రేకుపై బూడిదవన్నె నూగు మొలిచి, గుత్తులై రాలసాగెను. చాలసేపటికి పైతేటనుండి ఒక్కచుక్క తీసి ఉప్పునీటిలో వేసిచూచిరి, తెలుపు విరియలేదు. వెండి అంతయు దిగినదన్నమాట.

ఆయన వ్రేళ్లకొనలు ఆమ్లము సోకి పచ్చగను, వెండినైట్రేటు అంటి నల్లగను ఉండెను. అంతకంటె భయంకరమైనది ఆ పొగ. పీల్చినపుడు బాధ అంతగా తెలియకున్నను, కొన్ని గంటల పిదప ఊపిరితిత్తులలో నీరుచేరి ప్రాణముమీదికి తేగలదు. ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ! రవ్వంత వెండిని పోనీయని వారికి పొగగొట్టమైన లేకుండుట నాకు దుస్సహముగా తోచెను. గొట్టముద్వారా పొగను క్షారజలములోనికి నడిపినచో చాలవరకు అందే పట్టువడునని చెప్పితిని.

"మా అబ్బాయితో చెప్పండి సామీ, అంగడివాళ్లతో మాట్లాడేది వాడే" అని ఆయన కుమారుని పిలిచిరి.