గెలిచొచ్చిన తరువాత

వనపర్తిలో నా దగ్గరికి వచ్చే ఆటగాళ్లలో దెబ్బలు తగిలినవాళ్లే ఎక్కువ. మడమ బెణికిందనో, భుజం జారిందనో వస్తారు. వాళ్లకు ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఏ దెబ్బా లేకుండా, పెద్ద గెలుపు వచ్చిన కొన్ని నెలలకు, ఆట పోయిందంటూ వచ్చేవాళ్ల దగ్గర మాత్రం చాలాసేపు కూర్చోవాలి.

గద్వాల దిక్కు పల్లె కుర్రాడొకడు కబడ్డీలో కూతకు వెళ్లడంలో దిట్ట. రాష్ట్రస్థాయి పోటీల్లో పేరు తెచ్చుకున్నాడు. ఊళ్లో డప్పులతో ఊరేగించారు. ఆ తరువాతే బోనస్ గీత దగ్గర తడబడడం మొదలైంది.

"గీత కనవడంగనే కాలు పోతలేదు సార్" అన్నాడు.

"గెలిచొచ్చిన కాన్నుంచి అందరి కండ్లు పిలగాని మీదనే పడ్డయి సారూ" అంది తల్లి. తాయెత్తు కూడా కట్టించింది.

వరండాలో సుద్దతో గీత గీసి, చేసి చూపించమన్నాను. బోనస్ రావాలంటే ఒక పాదం గీత అవతల నేలను తాకాలి, అదే క్షణంలో రెండోది గాల్లో ఉండాలి. కూత పెడుతూ అలవోకగా చేశాడు. ఈసారి బొటనవేలు ఎక్కడ పడుతుందో చూసుకుంటూ చెయ్యమన్నాను. కాలు సగంలో ఆగింది, కూత తెగింది. తల్లి మాటలో నిజం ఉంది. ఊరి కళ్లతో పాటు అతని కళ్లు కూడా అతని మీదే పడ్డాయి.

వేలసార్లు చేసిన పని మన ప్రమేయం లేకుండా సాగిపోతుంది. దాన్ని ముక్కలుగా విడదీసి కాపలా కాయడం మొదలుపెడితే తడబాటు తప్పదు. గోల్ఫ్‌లో దీని దారుణ రూపం చూస్తాం. ఆస్ట్రేలియా ఆటగాడు ఇయాన్ బేకర్-ఫించ్ 1991లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. 1997లో అదే పోటీ మొదటి రౌండులో 92 దెబ్బలు ఆడి తప్పుకున్నాడు.

మనవాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు కిదాంబి శ్రీకాంత్ కథ నాకు ఇంకా దగ్గర. 2014లో మెదడువాపుతో ఆస్పత్రి పాలైన అబ్బాయి, అదే ఏడాది నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో అక్కడి మేటి ఆటగాడు లిన్ డాన్‌ను ఓడించాడు. 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆ తరువాత మోకాలి బాధ, వరుస ఓటములు. టోక్యో ఒలింపిక్స్‌కు అర్హతే దక్కలేదు. జనం పొగరన్నారు, బద్ధకమన్నారు. బ్యాడ్మింటన్ ర్యాంకు గత 52 వారాల ఫలితాల మీద నడుస్తుందని, గొప్ప ఏడాది సంపాదించిన పాయింట్లు మరుసటి ఏడాది రాలిపోతాయని, వాటిని నిలుపుకోవాలంటే మళ్లీ అంత గొప్పగానే ఆడాలని ఎంతమందికి తెలుసు? బాగా ఎక్కువగా కనబడిన బీపీ రెండోసారి చూస్తే కాస్త తగ్గే ఉంటుంది, మందు వెయ్యకపోయినా. శిఖరం తరువాతి ఆట కూడా కొంత అలా తగ్గేదే. ఆ తగ్గుదలను పతనమనుకుని, కంగారులో మొత్తం ఆటనే మార్చుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. శ్రీకాంత్ 2021 డిసెంబరులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం తెచ్చాడు. 2022లో థామస్ కప్ ఫైనల్లో భారత్‌కు కప్పు ఖాయం చేసిన మ్యాచ్ గెలిచిందీ అతనే.

అయితే అన్నిటినీ మనసు మీదికి నెట్టకూడదు. గద్వాల చీరలు నేసే పెద్దాయన ఒకరు, అంచు కలిపే కుప్పడం నేతకు మెప్పు వచ్చి, పని పెరిగాక వచ్చారు. నాడె పట్టగానే చూపుడువేలు లోపలికి ముడుచుకుపోతోంది. అన్నం కలుపుకునేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లోవాళ్లు పని తప్పించుకుంటున్నాడన్నారట. అది ఫోకల్ డిస్టోనియా. ఏళ్ల తరబడి ఒకే సూక్ష్మమైన పని చేసిన చేతికి, ఆ పనిలో మాత్రమే, మెదడు పంపే ఆజ్ఞలు చిక్కుపడతాయి. బంతిని గుంతలోకి నెట్టే పట్ కొట్టేటప్పుడు గోల్ఫర్ల మణికట్టు ఉలిక్కిపడే యిప్స్ కొందరిలో ఈ జబ్బే. ధైర్యం చెబితే తగ్గదు. హైదరాబాదులో న్యూరాలజీ డాక్టరు దగ్గరికి పంపాను. బొటులినమ్ ఇంజెక్షన్‌తో వేలు కొంత వదులైంది. ఇప్పుడు అంచు కలిపే పని కొడుకు చేస్తున్నాడు, ఆయన పక్కన కూర్చుని నేర్పుతున్నారు.

అందుకే కుర్రాడికీ ముందు రక్తపరీక్ష చేయించాను. రక్తహీనత బయటపడింది. సన్మానాల కోసం నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల దాకా తిప్పి, నిద్ర, తిండి, సాధన మూడింటినీ చెడగొట్టారు. ఐరన్ మాత్రలు రాసి, కొన్నాళ్లు వేదికలు ఎక్కించవద్దని తండ్రికి గట్టిగా చెప్పాను. సాధనలో పాయింట్లు లెక్కపెట్టకుండా ఆడించమని, గీతను కాకుండా ఎదుటి డిఫెండర్ నడుమును చూడమని చెప్పమని కోచ్‌ను అడిగాను. ఆయన శ్రద్ధగా చేశారు.

మరుసటి సీజన్‌లో కుర్రాడికి బోనస్‌లు తక్కువే వచ్చాయి. తల్లి మళ్లీ తీసుకొచ్చింది, ఈసారి మోకాలి చిప్ప గీరుకుపోయి. కట్టు కడుతుంటే, ఎల్లుండి మ్యాచ్ ఆడొచ్చా అని రెండుసార్లు అడిగాడు.