పందొమ్మిది తీగలలో ఒకటి



మీలో అనేకులు పొలము దున్నువారు; కొందరు సముద్రతీరమున వల వేయువారు. తెరచాప కట్టిన చిన్న పడవలో ప్రయాణము చేసినవారు కొందరే యుందురు. అయినను కూటములకు డేరా వేయునప్పుడు నడుమ గుంజను నిలిపి, నలుదిక్కుల త్రాళ్లు లాగి మేకులకు కట్టుట మీరందరును చూచినదే. గుంజ యెంత లావైనను, త్రాడు వదులైనయెడల డేరా నిలువదు. ఈ నెల నేను మీతో చెప్పదలచినది అట్టి త్రాళ్లను గూర్చియే. ఇందులో నా తప్పు ఒకటి యున్నది గనుక దానిని ముందుగానే ఒప్పుకొనుచున్నాను.

మా సంఘములో నావికాదళమునుండి విశ్రాంతి పొందిన పెద్ద ఒకాయన యున్నారు. వయస్సు డెబ్బది దాటినది. ఆయనకు 14 అడుగుల ఫైబరు పడవ యొకటి గలదు. భీమునిపట్నము దగ్గర గోస్తనీ నది సముద్రములో కలియు చోట, గాలి మెత్తగా నున్న సాయంకాలములందు, ఆయన తన మనుమని ఎక్కించుకొని దానిని నడుపుచుండెను. కొన్ని మారులు నన్నును తీసికొనిపోయెను.

ఆ పడవ నడుమ అల్యూమినియపు కొయ్య యొకటి నిలిచియుండును. దానిని నిలుపునవి మూడే తీగలు. ఒకటి కొయ్య పైభాగమునుండి పడవ ముక్కునకు వచ్చును. తక్కిన రెండును కుడి యెడమల ప్రక్కలకు దిగి, కొయ్యకు కొంచెము వెనుకగా పడవ అంచున బిగించిన ఉక్కుపట్టీలకు చేరును. చాపను పైకెత్తు త్రాడును, దానిని గాలికి త్రిప్పు త్రాడును ఎప్పుడును చేతిలో కదలుచుండును. ఈ మూడు మాత్రము కదలవు. అందుచేతనే నావికులు వీటిని స్టాండింగ్ రిగ్గింగ్ అందురు. అనగా నిలిచియుండు త్రాళ్లు. కదలని వాటిని ఎవరును చూడరు. ఎక్కినవాడు చాపను చూచును, నీళ్లను చూచును, దూరపు కొండను చూచును.

ఆ తీగ లావు 3 మిల్లీమీటర్లు మాత్రమే. దగ్గరగా చూచిన అది ఒక తీగ కాదు, 19 తీగల పేట: నడుమ ఒకటి, దాని చుట్టు 6, వాటి చుట్టు 12. అంత సన్నని పేట క్రొత్తదిగా నున్నప్పుడు సుమారు 700 కిలోల బరువును ఓర్చును.

గత సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒక సాయంకాలము పడవ దిగునప్పుడు నా కండువా కుడిప్రక్క తీగకు చిక్కుకొనెను. వంగి చూచితిని. తీగ క్రింది కొన ఉక్కు గొట్టములో దూరు చోట, వెండ్రుకవంటి తీగ యొకటి తెగి పైకి లేచియుండెను. దాని చుట్టు గోధుమరంగు మరక కొంచెము కనబడెను. నేను కండువాను విడిపించుకొంటిని. ఏమియు చెప్పలేదు.

ఏల చెప్పలేదని మీరడుగుదురు. పందొమ్మిదింటిలో ఒకటే గదా అనుకొంటిని. నావికాదళములో పనిచేసినవానికి నేను చెప్పవలసినదేమున్నది అనుకొంటిని. ఆయన ప్రేమతో పడవలో ఎక్కించుకొనగా దిగునప్పుడు తప్పు వెదకుట మర్యాద కాదనియు అనుకొంటిని. ఈ మూడును మంచి కారణములవలెనే యుండెను.

తరువాతి శనివారము తాతయు మనుమడును వెళ్లిరి. గాలి కుడివైపునుండి గట్టిగా విసరినప్పుడు ఆ తీగ గొట్టము నోటియొద్దనే తెగిపోయెను. గాలివైపు తీగ తెగినయెడల పడవను వెంటనే రెండవ ప్రక్కకు త్రిప్పవలెను. అప్పుడు బరువు మంచి తీగ మీద పడును, కొయ్య నిలుచును. ఆయనకు ఆ సంగతి బాగుగా తెలియును గాని చుక్కాని త్రిప్పునంత వ్యవధి దొరకలేదు. కొయ్య కూలెను. పండ్రెండేండ్ల పిల్లవాని భుజము దగ్గరి ఎముక విరిగెను. తల మీద పడియుండిన, నేనీ వ్యాసము వ్రాయుటకు నాకు ధైర్యము ఉండెడిది కాదు.

ఆసుపత్రినుండి వారు ఇంటికి వచ్చిన దినమున నేను పోయి, “అన్నయ్యా, ఆ తీగ తెగియుండుట నేను ముందే చూచితిని, చెప్పలేదు” అంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, “అయ్యగారూ, మీరు చూచి చెప్పలేదు, నేను చూడనే లేదు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో తేల్చి యేమి లాభము? సోమవారము రండి, నాతోకూడ పని చేయండి” అనెను.

అట్లు నేను యాబది యేండ్లు దాటిన తరువాత పడవ తీగలు మార్చుట నేర్చుకొంటిని.

మొదట ఆయన నాకు తెగిన కొనను చూపెను. పై పేట అంతయు వెండివలె మెరయుచునేయున్నది. చెడుగంతయు గొట్టము లోపల నున్నది. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడునది దాని పైనుండు పలుచని పొర. గాలి తగులుచున్నంతవరకు ఆ పొర చెదరినను మరల ఏర్పడును. క్రింది గొట్టపు నోరు పైకి తెరచియుండును గనుక ఉప్పునీరు తీగవెంట జారి దానిలో నిలిచిపోవును. అక్కడ గాలి ఆడదు, పొర మరల కట్టదు, లోహము తినబడును. ఇదిగాక పడవ ఊగినప్పుడెల్ల తీగ బిగియుచు సడలుచు ఆ నోటియొద్దనే వంగుచుండును. ఇనుపతీగను ఇటు నటు పలుమారు వంచి విరుచుట పిల్లలకు కూడ తెలిసిన పనియే గదా!

“తెగినది ఒకటే గదా, తక్కిన రెండును ఏల మార్చుట?” అని నేనడిగితిని. “మూడును ఒకనాడే పుట్టినవి, ఒకే ఉప్పునీళ్లలో బ్రదికినవి” అని ఆయన చెప్పెను. సముద్రములో తిరుగు పడవలకు సుమారు 10 సంవత్సరములకు తీగలన్నియు మార్చవలెనని అనేకులు పాటించు లెక్క. ఈ మూడింటికి 14 సంవత్సరములు నిండినవి.

క్రొత్తవాటికి కొలత తీయుటలో నేనొక పొరపాటు చేయబోతిని. పాత తీగను నేలమీద పరచి దాని పొడవే వ్రాసికొనుచుంటిని. ఆయన ఆపెను. పాతది సాగియుండును; సాగినదానిని చూచి కొలిచిన క్రొత్తదియు వదులగును. కాబట్టి క్రింద బిగించు మర, అనగా టర్న్‌బకిల్, సగము తెరచియుంచి, మీది మేకు నడిమినుండి క్రింది మేకు నడిమివరకు కొలిచితిమి. అట్లు చేసినయెడల తరువాత బిగించుటకును వదులు చేయుటకును చోటు మిగులును. విశాఖపట్నములో ఒక పనిశాలవారు 316 అను రకపు స్టీలు తీగను కోసి, కొనలను యంత్రముతో గొట్టములలో నొక్కి యిచ్చిరి. ఆ రకములో మాలిబ్డినము కలియుటచేత అది ఉప్పును ఎక్కువగా ఓర్చును. పాతవాటి క్రింద లేని చిన్న కీలు ఒక్కొక్కటి ఈసారి చేర్చితిమి. దానివలన పడవ ఊగినప్పుడు వంగునది కీలే గాని తీగ కాదు.

కొయ్య నిలిపిన పిమ్మట బిగించు పని మరి కష్టము. ఒక ప్రక్కనే బిగించిన కొయ్య అటు వాలును. అందుచేత కుడిప్రక్క ఒక చుట్టు, ఎడమప్రక్క ఒక చుట్టు. చాప ఎత్తు త్రాటి కొనను కుడి ఉక్కుపట్టీకి తాకించి గురుతు పెట్టి, అదే కొనను ఎడమ పట్టీకి తాకించి చూచితిమి. రెండును సరిపోయిన కొయ్య నిట్రముగా నున్నట్టు. నేను ఉత్సాహముతో ఇంకను బిగించబోగా ఆయన నా చేయి పట్టుకొని, “ఎక్కువ బిగిస్తే కొయ్య పడవను క్రిందికి నొక్కుతుంది, పడవ వంగుతుంది” అనెను. చివరకు మరలు తిరిగిపోకుండ సన్నని పిన్నులు దూర్చి, కొనలు విప్పి, చాప చిరుగకుండ వాటిపై పట్టీ చుట్టితిమి.

ఆ సాయంకాలమున ఆయన అభిలాష్ టోమీ సంగతి చెప్పెను. ఆ నావికాదళపు అధికారి ఒంటరిగా లోకము చుట్టు పోవు పందెములో, 2018 సెప్టెంబరు నెలలో, దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో చిక్కుకొనెను. పడవ కొయ్య విరిగెను, ఆయన వెన్నెముక దెబ్బతినెను. మూడు దినములకు ఫ్రెంచివారి ఓడ ఆయనను రక్షించెను. ఆయన మరల అదే పందెములో పాల్గొని 2023లో రెండవవాడుగా గమ్యము చేరెను. “అది తుపాను, మనుష్యుని చేతిలో లేదు. మనది కండువాకు తగిలిన తీగ” అని మా పెద్దాయన నవ్వక చెప్పెను.

సెమినరీలో యెషయా ప్రవచనము 33వ అధ్యాయమును మాకు శ్రద్ధగా బోధించిరి. అందు 23వ వచనములో చెదరిన ఓడయొక్క వర్ణన యున్నది. నేను దానిమీద పలుమారు ప్రసంగించితిని. ఎప్పుడును కొయ్యను గూర్చియు చాపను గూర్చియు మాటలాడితిని. ఆ రాత్రి మరల తెరచి చూడగా ప్రవక్త మొదట చెప్పినది త్రాళ్లు వదలుటయే. కొయ్య సంగతియు చాప సంగతియు దాని తరువాతనే వచ్చును. ముప్పది సంవత్సరములు ఆ వరుస నా కంటికి కనబడలేదు.

ప్రియులారా, కూలిన దినమున అందరును కొయ్యను చూతురు. దానికి ముందు ఎవరో ఒకరి కండువా ఎక్కడనో చిక్కుకొనియే యుండును. మీ యింటిలో గాని, సంఘములో గాని, పొరుగువాని బండి యిరుసులో గాని అట్టిది మీ చేతికి తగిలినయెడల, మర్యాద చెడునని నావలె ఊరకుండకుడి. ఆ దినమున ఒక మాటతో పోవునది, తరువాత పిల్లవాని ఎముకతో గాని పోలేదు.

పిల్లవాని భుజము బాగుపడినది. ఇప్పుడు పడవ దిగిన ప్రతిమారు తీగలను మంచినీళ్లతో కడుగుట వాని పని. కడిగిన తరువాత చిన్న దూదిపింజను పైనుండి క్రిందివరకు తీగవెంట నడుపును. తెగినది ఉన్నయెడల దూది అక్కడ తగులుకొనును. మొన్నటి దినమున వాడు, “తాతా, ఇక్కడ పట్టుకున్నది!” అని కేక వేసెను. పెద్దాయన చేతిలోని పని విడిచి, అద్దాలు పెట్టుకొని, మోకాళ్లమీద వంగి చూచెను. అది చుట్టిన పట్టీ అంచు మాత్రమే. ఆయన వానిని గద్దింపలేదు. “మంచిది, మళ్లీ చూడు” అని చెప్పి లేచెను.